ఇంటిముంగిటి కర్రసామాను: ఏ పూత మేలు?

మా యింటి వసారాలో ఒక టేకు బల్ల కలదు. మా అత్తగారు కాపురమునకు వచ్చిన సంవత్సరమున ఆమె మామగారు దానిని చేయించిరట. పొడవు ఐదడుగులు, వెడల్పు అడుగున్నర, నాలుగు లావైన కాళ్ళు. తెల్లవారగట్ల కాఫీ త్రాగుటకును, ప్రొద్దెక్కిన పిమ్మట కూరలు తరుగుటకును, మధ్యాహ్నము పొరుగింటివారితో నాలుగు మాటలాడుటకును, సాయంకాలము పిల్లలచేత ఎక్కములు చెప్పించుటకును అత్తగారికి అదియే స్థానము. ఆ బల్లకు మెరుగన్నది లేదు. ఏటేట సంక్రాంతి వెళ్ళిన పిమ్మట ఆమె ఒక గిన్నెలో కొంచెము అవిసెనూనె పోసికొని, పాత పంచె ముక్కతో బల్లను అడుగు భాగమునుండి పైవరకు రుద్దుచుండెడివారు. కాళ్ళను ఒక్కొక్కటిగా నూనె పోసిన మూకుడులో ఒక పూట నిలిపి యుంచెడివారు. పని ముగియగనే ఆ గుడ్డను నీళ్ళ తొట్టిలో వేసెడివారు. మేమా యింటికి వచ్చిన క్రొత్తలో ఇదంతయు చూచి, పెద్దవారి చాదస్త మనుకొంటిమి.

ఇంట పెండ్లి తలపెట్టినప్పుడు, వచ్చెడివారు మొదట చూచునది వసారాయే కదా యని, పాలిషు చేయువానిని పిలిపించి బల్లకు లక్క పాలిషు వేయించితిమి. రెండు దినములలో అది అద్దమువలె మెరిసినది. అందరును మెచ్చుకొనిరి. అత్తగారు మాత్రము వానలు రానిమ్మని చెప్పి ఊరకుండిరి. ఆషాఢమున జల్లు కొట్టగనే ఆ మెరుగుపై తెల్లని మచ్చలు లేచినవి. మరుసటి యేడు మచ్చలు గీకించి మెలమైన్ పాలిషు వేయించితిమి. అదియు రెండు వానకాలములు గడచునప్పటికి పాము కుబుసమువలె పొరలు పొరలుగా ఊడినది. ఊడిన చోటనెల్ల మరల దానినే పూయించితిమి. ఇట్లు ఐదు సంవత్సరములు మెరుగును చూచుకొంటిమి, కాళ్ళను చూడలేదు. నూనె మూకుడు మాట మరచియే పోయితిమి.

ఒక కార్తీకమాసపు ఉదయమున అత్తగారు కూర్చుండగనే వెనుక కాలు విరిగి బల్ల ఒరిగినది. ఆమె చేయి ఊని పడుటచేత మణికట్టు ఎముక చిట్లినది. ఆరు వారములు కట్టుతో నుండిరి. ఇప్పటికిని ఆ చేతితో నీళ్ళ బిందె ఎత్తలేరు. వడ్రంగి వచ్చి కాలు ఊడదీసి చూపెను. పైన నిగనిగలాడు పొర. లోపల నానిన అటుకులవలె మెత్తబడిన కర్ర. వ్రేలితో గుచ్చిన దిగబడుచున్నది. ఆ కాలు దుంగ పైపట్టు చెక్కనుండి తీసినదనియు, దానిలో చేవ లేదనియు, ఇన్ని యేండ్లు దానిని నిలిపినది ఆ నూనె మూకుడే యనియు అతడు చెప్పెను.

ఈ సంగతి వ్రాయుటకు మాకు సిగ్గుగనే యున్నది. ఐనను, వసారాలలోను, డాబాలమీదను, నగరములలోని ఫ్లాట్ల బాల్కనీలలోను బల్లలు, ఉయ్యాలలు, పడక కుర్చీలు ఉంచుకొన్న సోదరీమణు లనేకులు గలరు. వానికి ఏ పూత పూయవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు అంగడివాడు ఏది చూపిన అది కొనుటయో, పనివాడు ఏది వేసిన దానికి తలయూచుటయో జరుగుచున్నది. ఆ సామాను నిత్యము తుడుచునది మనము. దానిపై కూర్చుండునది మన పెద్దలు, మన పిల్లలు. కావున నిర్ణయమును మనమే తెలిసి చేయుట మంచిది.

కర్రను చెరచునది యేది?

ఆరుబయట నుండు కర్రకు మొదటి శత్రువు ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు, కర్ర నారలను ఒకటిగా పట్టియుంచు లిగ్నిన్ అను పదార్థమును విరుగగొట్టును. ఆ విరిగినదానిని వాన కడిగివేయును. అప్పుడు కర్ర మీదిభాగము నెరసి, బూడిదవన్నె పొంది, నారలు లేచి గరుకుగా నగును. ఇది చూపునకు బాగుండదుగాని పైపైననే జరుగు మార్పు. బలమునకు వెంటనే లోపము రాదు.

రెండవ శత్రువు నీరు. కర్ర తడి పీల్చినప్పుడు అడ్డముగా ఉబ్బును, ఆరినప్పుడు కుంచించుకొనును. శ్రావణమున బిగిసిపోయిన తలుపు ఫాల్గుణమున సులువుగా పడుట మనమెరిగినదే. ఇట్లు ఏడాది పొడవున ఉబ్బుచు తగ్గుచుండు వస్తువుపై సాగని గట్టిపొర యొకటి అంటించినచో, ఆ పొర పగులక తప్పదు. పగులులోనుండి నీరు లోనికి దిగును. దిగిన నీటిని ఆ పొరయే మరల బయటికి ఆరనీయదు. మా బల్లకు జరిగినది ఇదియే.

మూడవది కుళ్ళు. కర్రను తిను శిలీంధ్రములకు నీరు కావలెను. కర్రలోని తడి, ఎండిన కర్ర బరువులో నూటికి 20 పాళ్ళకు లోబడి యున్నంతవరకు కుళ్ళు పట్టదు. తడి నిలిచిన చోటనే కుళ్ళు పుట్టును. తడి నిలుచునది బల్ల నడుమ గాదు. కాళ్ళ అడుగున, అతుకులలో, పలకకును పలకకును నడుమ, మేకులు దిగిన చోట. కర్ర నార పొడవున కంటె, అడ్డముగా కోసిన కొననుండి నీటిని ఎన్నోరెట్లు వేగముగా పీల్చును. ఏల యనగా చెట్టు బ్రతికియున్నప్పుడు వేరునుండి ఆకువరకు నీరు నడచిన గొట్టము లక్కడ నోళ్ళు తెరచుకొని యుండును. బల్ల కాలి అడుగు అట్టి కొనయే. వసారా కడిగిన నీరు అక్కడ నిలిచినచో కాలు దానిని వత్తి నూనె పీల్చినట్లు పీల్చును. చీమలు ఎక్కకుండుటకై కాళ్ళ క్రింద నీటి గిన్నెలు పెట్టు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. చీమలకు అడ్డమేగాని, కర్రకు అది మిక్కిలి చెరుపు.

ముందు కర్రను ఎరుగుడు

పూతను ఎంచుటకు ముందు కర్ర యేదియో తెలిసికొనవలెను. టేకు చేవలో సహజముగనే నూనెవంటి పదార్థము లుండి కుళ్ళునకును చెదలకును లొంగకుండును. విదేశములలో ఉద్యానవనములందు ఏ పూతయు లేని టేకు బెంచీలు వెండివలె నెరసి దశాబ్దములు నిలుచుచున్నవి. కాని ఈ గుణము చేవకే గలదు. చుట్టునుండు తెల్లచెక్కకు లేదు. టేకు అను పేరు వినినంతనే నిశ్చింతగా నుండరాదు. కొనునప్పుడు బల్లను తిరగవేసి చూడవలెను. ముదురు గోధుమవన్నె నుండి పాలిపోయిన పసుపువన్నెకు మారిన భాగము కనబడినచో అది చేవలేని చెక్క యని తెలిసికొనవలెను.

మామిడి, రబ్బరు చెట్టు చెక్క మొదలైనవి ఆరుబయట తమంతట తాము నిలువలేవు. వానికి పూత అలంకారము గాదు, ప్రాణరక్షణ. ప్లైవుడ్డు అతికిన సామానును వాన తగులుచోట ఉంచకుండుటయే మేలు.

మెరయు పూతలు

లక్కను స్పిరిటులో కరగించి చేయు ఫ్రెంచి పాలిషు ఇంటిలోని బీరువాకును, అద్దపు చట్రమునకును ఎంతయో శోభ నిచ్చును. నీరు తగిలిన తెల్లబడును. వేడి గిన్నె పెట్టిన మచ్చపడును. ఆరుబయటికి అది పనికిరాదు. మెలమైన్ పాలిషును ఇంటి లోపలి సామానుకే ఉద్దేశించినది. డబ్బాపై లోపలి వాడుకకని వ్రాసియుండగా బయటి బల్లకు వేయించుట మా తప్పే.

ఆరుబయటికి తగిన స్వచ్ఛమైన వార్నిషులును కలవు. స్పార్ వార్నిషు అనునది అందులో పేరెన్నికగన్నది. స్పార్ అనగా ఓడ తెరచాప కొయ్య. ఎండలో, ఉప్పునీటిలో, గాలికి వంగుచు నుండు కొయ్యకు పూయుటకై ఏర్పడినది గనుక దీనిలో నూనెపాలు హెచ్చు. పొర కొంత సాగును. అతినీలలోహిత కిరణములను అడ్డగించు పదార్థములును నేడు దీనిలో కలుపుచున్నారు. బయటి వాడుకకై ప్రత్యేకముగా చేసిన పాలియురెథేన్ పూతలును అమ్మకమున నున్నవి. ఇవి గట్టివి, నునుపైనవి, తుడుచుటకు సులభమైనవి.

వీనియందు ఒక్క చిక్కు కలదు. పూత స్వచ్ఛమైనది గనుక కొంత వెలుతురు దానిగుండా పోయి కర్రను తాకును. పూత చెడకున్నను దాని క్రింది కర్ర చెడి, పట్టు వదలి, పొర లేచును. ఒకసారి పొర లేచిన పిమ్మట దానిపై మరల పూయుట వ్యర్థము. అంతయు గీకి మొదటికి రావలెను. కావున మెరుగు కోరువారు, మెరుగు కొంచెము మందగించగనే, పొర పగులకమునుపే, పైపైన రుద్ది ఇంకొక పూత వేయవలెను. మంచి యెండ తగులు చోట ఇది ఏటేట చేయవలసిన పని. అంత ఓపిక గలవారే ఈ పూతను ఎంచుకొనవలెను.

ఇంకు నూనెలు

నూనె పూత పైన పొరగా నిలువదు, కర్రలోనికి ఇంకును. అందుచేత అది ఊడదు, పొరలు లేవదు. చెడినప్పుడు గీకవలసిన పని లేదు. శుభ్రముగా తుడిచి మరల రుద్దిన చాలును. కూలివాని అవసరము లేక ఇంటి యిల్లాలు ఒక పూటలో చేసికొనదగినది ఇదియొక్కటే. మెరుగు తక్కువ. కర్ర వన్నె మాత్రము నిండుగా కనబడును.

అన్ని నూనెలును దీనికి పనికిరావు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. అట్టి గుణము గల నూనెలే కర్రకు తగినవి. కొబ్బరినూనె, వేరుసెనగనూనె, ఆముదము ఎన్నాళ్ళకును గట్టిపడవు. జిడ్డుగా నిలిచి, దుమ్ము పట్టి, ముక్కవాసన కొట్టి, కట్టిన చీరలకు మరకలు చేయును. కిరసనాయిలు తుడుచుటచే కలుగు తళుకు అది ఆవిరియగువరకే. బండ్ల యంత్రములలో వాడి తీసిన నల్లనూనెను పల్లెలలో వాసములకు పూయుచుందురు. దానిలో చర్మమునకును ఆరోగ్యమునకును హానిచేయు పదార్థము లున్నవి గనుక కూర్చుండు వస్తువునకు తగదు. తారును అట్టిదే. పలాస ప్రాంతమువంటి జీడిపప్పు పరిశ్రమ గలచోట్ల దొరకు జీడిపిక్కల నూనె కర్రను బాగుగా కాపాడునుగాని, ఒడలికి తగిలిన బొబ్బలెక్కించును. అది పడవలకును గుంజలకును తగినది, ఊయెలకు గాదు.

అంగడిలో అవిసెనూనె రెండు విధములుగా దొరకును. పచ్చి నూనె ఆరుటకు ఎన్నో దినములు పట్టును. కాచిన నూనె యని అమ్మునది ఒకటి రెండు దినములలో ఆరును. పేరునకు కాచినదేగాని, నేడు దానిలో త్వరగా ఆరుటకై లోహపు లవణములు కలుపుదురు. అందుచేత దానిని బల్లలకే వాడవలెను. చపాతి పీటకును, కూరలు తరుగు పలకకును పూయరాదు.

అవిసెనూనెకును ఒక లోపము కలదు. గాలిలో తేమ హెచ్చుగానుండు కోస్తా ప్రాంతములలో, వాన నేరుగా పడుచోట, ఆ నూనెయే బూజునకు ఆహారమై నల్లని చుక్కలు పుట్టును. కప్పు క్రింద నుండు సామానుకు అది చాలును. బయలున నుండు టేకునకు, బూజు పట్టకుండు మందును కొంచెము వన్నెయును కలిపి బయటి కర్రకై చేసిన నూనెలు అమ్మకమున కలవు, అవి మేలు. ఆ కొంచెపు వన్నె ఎండకు గొడుగు వంటిది.

రంగు పూతలు

అన్నింటిలోను ఎక్కువకాలము నిలుచునది రంగు. రంగులోని పొడి వెలుతురును కర్రవరకు పోనీయదు. మామిడి మొదలైన చెక్కలకు ఆరుబయట ఇదియే శరణ్యము. మొదట కర్రకు తగిన ప్రైమరు, పగుళ్ళలో లప్పము, దానిపై బయటి వాడుకకు తగిన ఎనామెల్ రెండు పూతలు. సరిగా వేసినచో మూడు నాలుగేండ్లు చూడనక్కరలేదు. కర్ర అందము మరుగుపడుట నిజమేగాని, వీథివాకిట పిల్లలు ఎక్కి దూకు బెంచీకి ఆ విచారమేల? కూర్చుండుచోట లేతరంగు వేయవలెను. ముదురు రంగు మండుటెండలో కాలును.

ఏది ఎవరికి?

ఇంతవరకు చెప్పినదానిని మూడు మాటలలో చెప్పుదుము. కప్పు క్రింద వసారాలో, వాన జల్లు ఎప్పుడో కాని తగులనిచోట టేకు బల్ల యుండిన, అవిసెనూనె. చూరు నీరు చిందుచోట ఉయ్యాల యుండి మెరుగు కావలెనన్న, స్పార్ వార్నిషు గాని బయటి పాలియురెథేన్ గాని, ఏటేట చూచుకొను నియమముతో. డాబాపై బయలున నుండునది టేకైన, వన్నెగల బయటి నూనె పూయుట, లేదా పూత లేక నెరయనిచ్చుట. వేరొక చెక్కయైన రంగు.

ఒక పూతపై వేరొక జాతి పూత వేయరాదు. పాత వార్నిషుపై నూనె రుద్దిన అది ఇంకక జిడ్డుగా నిలుచును. నూనె పూతనుండి వార్నిషునకు మారవలెనన్న, నూనె పూర్తిగా ఆరిన పిమ్మట రుద్ది పూయవలెను.

పని చేయు విధము

సంక్రాంతికిని శివరాత్రికిని నడుమ కాలము ఈ పనికి మిక్కిలి అనుకూలమైనది. వానలు వెనుకబడి కర్ర లోపలివరకు ఆరియుండును. ఎండ తీక్షణము గాదు. మంచు కురియు వేకువనుగాని, మిట్టమధ్యాహ్నపు ఎండలోగాని పూయరాదు. నీడనే చేయవలెను. రోహిణి కార్తె ఎండలో పూసిన వార్నిషు పైన ఎండి లోపల పచ్చిగా నుండి ముడుతలు పడును.

మొదట బల్లను కుంకుడురసముతో మెత్తని కుంచెతో కడుగవలెను. బట్టలసోడాయు, బ్లీచింగు పొడియు వాడరాదు. అవి కర్ర నారలనే తిని మీదిభాగమును పీచుగా చేయును. కడిగిన పిమ్మట కనీసము మూడు నాలుగు దినములు గాలికి ఆరవలెను. పాత పొర ఏమైన యున్న సంపూర్ణముగా తీసివేయవలెను. తరువాత గరుకు కాగితముతో, అనగా సాండు పేపరుతో, మొదట 120 నంబరు, పిదప 180 నంబరు, నార సాగిన వైపుననే రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీతలు పూత వేసినకొలది స్పష్టముగా కనబడును. దుమ్మును తడిగుడ్డతో తుడిచి ఆరనీయవలెను. టేకునకు వార్నిషు వేయువారు, పూతకు ముందు టర్పెంటైనులో ముంచిన గుడ్డతో ఒకసారి తుడిచినచో పైనున్న సహజపు జిడ్డు పోయి పూత పట్టును.

నూనె పూయుటకు కాచిన అవిసెనూనెను, టర్పెంటైనును సమపాళ్ళుగా కలిపి మొదటి పూత పూయవలెను. పలుచనిది గనుక లోనికి దిగును. ఇరువది నిమిషములు ఆగి, ఇంకక మిగిలిన నూనెనంతను పొడిగుడ్డతో తీసివేయవలెను. ఈ తుడుచుటను వదలినవారే నూనె పూత జిగటగా నున్నదని నిందింతురు. రెండు దినముల పిమ్మట చిక్కని నూనెతో రెండవ పూత, మరల రెండు దినములకు మూడవది. ప్రతిసారియు మిగిలినది తుడువవలెను. వార్నిషునకైన, మొదటి పూతలో నాలుగవ వంతు టర్పెంటైను కలిపి, తరువాతి పూతలు పలుచగా మూడు వేయవలెను. పూతకును పూతకును నడుమ ఒక రాత్రి ఆరనిచ్చి సన్నని గరుకు కాగితముతో మెల్లగా రుద్దవలెను. లావుగా ఒక్కసారి పూయుటకంటె పలుచగా మూడుమారులు పూయుట ఎంతయో మేలు.

పైభాగమునకు ఎన్ని పూతలు వేసిన, అడుగు భాగమునకును అన్నియే వేయవలెను. ఒక వైపున నీరు చొరక, వేరొక వైపున చొచ్చినచో పలక వంకరపోవును. కాళ్ళ అడుగులను మూకుడులో పోసిన పలుచని నూనెలోగాని వార్నిషులోగాని ఒక పూట నిలిపి ఉంచవలెను. ఆరిన పిమ్మట ప్రతి కాలి క్రిందను చిన్న రబ్బరు బిళ్ళను గాని, రాతిముక్కను గాని ఉంచిన, కడిగిన నీటిలో కాలు నిలువదు. మా యింటిబల్లవంటి దానికి, అడుగుభాగము కాళ్ళతో కలిపి సుమారు 25 చదరపుటడుగు లగును. లీటరు వార్నిషు నున్నని చెక్కపై దాదాపు 100 చదరపుటడుగులకు ఒక పూత వచ్చును గనుక, లీటరు డబ్బా యొకటి మూడు నాలుగు పూతలకు చాలును.

మేకులును మరలును ఇనుపవైనచో, కర్రలోని వగరు తగిలి చుట్టును నీలినలుపు మరకలు పుట్టును. సముద్రతీరమున అవి త్వరలో తుప్పుపట్టును. ఇత్తడివిగాని, తుప్పుపట్టని ఉక్కువిగాని వేయించుడు. ఉయ్యాల యైనచో, పూత వేయునప్పుడే గొలుసుల కొక్కెములును అరిగినవేమో చూడవలెను.

రెండు హెచ్చరికలు

అవిసెనూనె గాలిని గ్రహించి గట్టిపడునని చెప్పితిమి. అట్లు గట్టిపడునప్పుడు వేడి పుట్టును. బల్లపై పలుచగా పరచుకొన్న నూనెనుండి ఆ వేడి గాలిలో కలిసిపోవును. కాని నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడవేసినచో, ఆ వేడి లోపలనే నిలిచి పెరిగి, అగ్గిపుల్ల లేకయే గుడ్డ తనంతట మండును. ఇది వట్టి భయపెట్టు మాట గాదు. 1991 ఫిబ్రవరి 23వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వన్ మెరిడియన్ ప్లాజా అను 38 అంతస్తుల భవనము ఇట్టి గుడ్డలవలననే అంటుకొన్నది. 22వ అంతస్తున చెక్కపనికి మెరుగు పెట్టినవారు నూనె గుడ్డలను వదలిపోయిరి. ఆ మంటలను ఆర్పబోయి ముగ్గురు అగ్నిమాపక దళమువారు ప్రాణములు కోల్పోయిరి. మా అత్తగారు గుడ్డను నీళ్ళ తొట్టిలో ఏల వేసెడివారో మాకు ఈ సంగతి చదివిన పిమ్మట తెలిసినది. గుడ్డను నీటిలో ముంచవలెను. లేదా ఆరుబయట దండెముపై విప్పి పరచి, బిరుసెక్కువరకు ఆరనిచ్చి, పిదప పారవేయవలెను. టర్పెంటైనును పొయ్యి దరికి తేరాదు.

రెండవది పాత రంగులను గూర్చినది. పూర్వపు రంగులలో సీసము హెచ్చుగా నుండెడిది. మన దేశమున 2016లో చేసిన నిబంధనలు 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినవి. వాని ప్రకారము ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదు. కాని తాతలనాటి ఉయ్యాలపై నున్న రంగు అంతకు ముందటిదే కదా! దానిని పొడిగా రుద్దినచో లేచు దుమ్ము పసిపిల్లల బుద్ధి వికాసమునకు హాని చేయును. ఇంత సీసమైన ఫరవాలేదని చెప్పదగిన పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. అట్టి పాత రంగును తడిపి గీకవలెను. ముక్కునకు దుమ్ము సోకని తగిన మాస్కు కట్టుకొనవలెను. పెచ్చులను పాత కాగితముపై పట్టి మూటకట్టి పారవేయవలెను. గర్భవతులును పిల్లలును ఆ దరిదాపుల ఉండరాదు.

వానలకు ముందు ఒకసారి

పూత వేసితిమని సంవత్సరమంతయు మరువరాదు. ఉగాది వెళ్ళిన పిమ్మట, మృగశిర కార్తె రాకముందు ఒకసారి బల్లను తిరగవేసి చూడవలెను. కాళ్ళ అడుగులను, అతుకులను గుండుసూదితో గుచ్చి చూడుడు. గట్టిగానున్నచో సూది దిగదు. మెత్తగా దిగినచో వడ్రంగిని పిలువవలసిన సమయమన్నమాట. వానలలో బల్లపై ప్లాస్టిక్ గుడ్డ కప్పువారు దానిని నేలవరకు బిగించి కట్టరాదు. లోపల ఆవిరి నిలిచి బూజు పట్టును. క్రింద గాలి ఆడనీయవలెను.

మా బల్లకు వడ్రంగి రెండు వెనుక కాళ్ళను చేవగల టేకుతో మార్చినాడు. పాత పొరలను గీకుటకు మాకు నాలుగు దినములు పట్టినది. ఇప్పుడది మునుపటివలె మెరుగు లేక, నూనె వన్నెతో నున్నది. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట దానికి నూనె రుద్దు పని మా పిల్లలు చేయుచున్నారు. అత్తగారికి ఆ మణికట్టుతో రుద్దుట సాధ్యము కాదు. ప్రక్కన కుర్చీలో కూర్చుండి, ఏ మూల నూనె అందలేదో, ఏ కాలు ఇంకను మూకుడులో పెట్టలేదో చెప్పుచుందురు. పిల్లలు ఆమె మాటను చాదస్త మనుట లేదు.

ఈ సంచిక చదివి ముగించిన పిమ్మట, సోదరీమణులు గ్లాసెడు నీరు తీసికొని వసారాలోనికి పోయి, తమ బల్లపై నాలుగు చుక్కలు చల్లి చూడుడు. చుక్కలు ముత్యములవలె నిలిచినచో పూత ఇంకను పనిచేయుచున్నది. ఇంకిపోయి మరక ముదిరినచో, ఈ యేటి వానలకు ముందే నూనె గిన్నె తీయవలెను. తరువాత మరచిపోక కాళ్ళ అడుగును చూడుడు.